మాల్టింగ్ బార్లీ: రాజస్థాన్‌దా, కెనడాదా, ఆస్ట్రేలియాదా, ఐరోపాదా?

బార్లీని మొలకెత్తించి ఆరబెడితే వచ్చేదే మాల్టు, బీరుకూ విస్కీకీ అదే మూలం. ఆ బార్లీ కోసం వచ్చిన నాలుగు కొటేషన్లు బల్ల మీద పరిచి టన్ను ధర ఒక్కటే చూస్తే ఎంపిక అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. పొరపాటు బయటపడేది తర్వాత, మాల్టు నూకను వేడినీళ్లలో నానబెట్టే మాష్ ట్యాంకు అడుగు నుంచి వోర్టు, అంటే బీరుగా మారే తీపి రసం, చుక్కచుక్కగా కారుతున్నప్పుడు. ఆ పాటికి డబ్బు చెల్లించి, ఖాళీ కంటైనర్ తిప్పి పంపేసి ఉంటారు.

ఆంధ్రా, తెలంగాణల్లో బార్లీ లెక్కపెట్టదగ్గంత పండదు. గింజ పాలుపోసుకుని గట్టిపడే దాకా చలి నిలవాలి, మనకు శివరాత్రికే ఎండ ముదురుతుంది. వాడకం మాత్రం తక్కువేమీ కాదు. సంగారెడ్డి జిల్లాలోనూ, శ్రీకాకుళం జిల్లా రణస్థలం వైపూ బ్రూవరీలున్నాయి. హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలున్నాయి, రాజమహేంద్రవరంలో హార్లిక్స్ ఫ్యాక్టరీ ఉంది. అంటే మనం ఎప్పుడూ కొనేవాళ్ల వైపే. కొనేవాళ్లు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. గింజ కొన్నప్పుడు దాని వెనకున్న వ్యవస్థనూ కొంటున్నారు. ఆ రకాన్ని మాల్టు చేసి, బీరు కాచి చూసిందెవరు? పంట చెడిన ఏడాది ఆ మాట ముందే చెప్పేదెవరు? తేడా వస్తే ఫోనెత్తేదెవరు? దేశానికీ దేశానికీ అసలు తేడా ఇక్కడే ఉంది.

## ముందు కొలమానాలు

మొలక. మాల్టుకు వాడే బార్లీ ప్రాణమున్న సరుకు. నూటికి 98 మొలవాలి. 95 కంటే తగ్గితే మంచి మాల్టు హౌస్ ఏదీ తీసుకోదు. మొలవని గింజ మాల్టులో పచ్చి బార్లీగానే మిగులుతుంది, దానిలోని బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు కరగదు, వోర్టు జిగటెక్కి వడపోత మొరాయిస్తుంది.

ఈ పరీక్షకు ల్యాబ్ అక్కర్లేదు. 9 సెం.మీ. పెట్రీ పళ్లెంలో రెండు ఫిల్టర్ కాగితాలు వేసి 4 మి.లీ. నీళ్లు పోయాలి. 100 గింజలు పరిచి మూతపెట్టి, 20 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచాలి. మన ఎండాకాలంలో ఏసీ గది తప్పనిసరి, 35 డిగ్రీల గదిలో వచ్చిన అంకెకు విలువ లేదు. 24, 48, 72 గంటలకు వేరు మొన తొంగిచూసిన గింజలను తీసి లెక్కపెట్టాలి. పక్కనే రెండో పళ్లెంలో 8 మి.లీ. నీళ్లతో ఇదే పని చేయాలి. మొదటి పళ్లెంలో 98, రెండో దాంట్లో 65 వచ్చిందనుకోండి. గింజ బతికే ఉంది, నీరెక్కువైతే దానికి ఊపిరాడటం లేదు. అలాంటి సరుకును నానబెట్టేటప్పుడు నీళ్లు తీసేసి గాలికి వదిలే విరామాలు పెంచితే సరిపోతుంది. రెండింటిలోనూ తక్కువొస్తే 0.75 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ద్రావణంలో నానబెట్టి చూడాలి. అందులో మొలిస్తే గింజ నిద్రలో ఉన్నట్టు, కొన్ని వారాలు ఆగితే లేస్తుంది. అందులోనూ మొలవకపోతే అది పశువుల దాణాకే.

ఇంకో మోసం ఉంది. కోతకు ముందు వాన తగిలితే గింజలో మొలక మొదలై మధ్యలో ఆగిపోతుంది. కొన్న రోజు పరీక్షలో 98 చూపిస్తుంది, గోదాములో కొన్ని నెలలుంటే చచ్చిపోతుంది. కెనడా వాళ్లు దీన్ని ఆర్‌వీఏ అనే పిండి చిక్కదనం పరీక్షతో పట్టుకుంటారు. 120 పైన ఉంటే నిల్వకు పనికొస్తుంది, 50 కింద ఉంటే నిల్వ ఆలోచన మానుకోవాలి. ఓడలో వచ్చే సరుకుకు ఈ అంకె అడగకుండా ఒప్పందం మీద సంతకం పెట్టకండి.

ప్రొటీన్. ‘తక్కువుంటే మంచిది’ అనే మాట సగమే నిజం. ప్రొటీన్ ఒక శాతం పెరిగితే ఎక్స్‌ట్రాక్టు (మాల్టు నుంచి వోర్టులోకి కరిగి వచ్చే సారం) రమారమి 0.7 నుంచి 1 శాతం దాకా పడిపోతుంది. అయితే ప్రొటీన్‌తో పాటే ఎంజైములూ, ఈస్టుకు తిండి అయిన అమైనో నత్రజనీ పెరుగుతాయి. మొత్తం మాల్టుతోనే కాచే బీరుకు 12 శాతం లోపు చాలు. నూకలో, చక్కెర పాకమో మూడో వంతు కలిపే బ్రూవరీకి 12.5 ఉన్న గింజే మేలు, ఎందుకంటే నూకల పిండిని కూడా ఆ మాల్టు ఎంజైములే అరిగించాలి. మన పెద్ద బ్రూవరీలు చాలావరకు రెండో కోవలోవే.

బ్రిటన్ సరుకు పత్రంలో ప్రొటీన్ బదులు నత్రజని ఉంటుంది. దాన్ని 6.25తో గుణించాలి: 1.65 అంటే 10.3 శాతం ప్రొటీన్.

గింజ లావు. ఇక్కడ అంకెలు నేరుగా పోల్చకూడదు. ఐరోపా, ఆస్ట్రేలియా జల్లెడ చీలిక 2.5 మి.మీ., ఉత్తర అమెరికాది అంగుళంలో 64కి 6 భాగాలు, అంటే 2.38 మి.మీ. అదే బస్తా గింజ కెనడా జల్లెడ మీద 93 శాతం, ఆస్ట్రేలియా జల్లెడ మీద అంతకన్నా తక్కువ చూపిస్తుంది. రెండు నమూనాలనూ ఒకే జల్లెడ మీద మళ్లీ పట్టించాకే మాట్లాడాలి.

మిగతావి వేగంగా: తేమ 12.5 లోపు, రకం స్వచ్ఛత 95 శాతం పైన, కంకి తెగులుతో వచ్చే డాన్ అనే విషపదార్థం 0.5 పీపీఎం లోపు. డాన్‌ను తేలిగ్గా తీసుకోకండి. ఆ ఫ్యూజేరియం బూజు సోకిన గింజతో కాచిన బీరు సీసా మూత తీయగానే నురగతో ఎగదన్నుతుంది.

ధర. టన్ను ధరను ఎక్స్‌ట్రాక్టుతో భాగించి చూడాలి. లెక్క కోసం ఊహించిన ధరలివి: కిలో 60 రూపాయల మాల్టులో 78 శాతం ఎక్స్‌ట్రాక్టు వస్తే కిలో ఎక్స్‌ట్రాక్టు అసలు ధర 76.90. కిలో 63 రూపాయల మాల్టులో 81.5 వస్తే 77.30. మూడు రూపాయల తేడా నలభై పైసలకు వచ్చింది. వడపోతలో ఒక్క గంట కలిసొచ్చినా రెండోదే చవక.

## ఒక్క చూపులో

| ఎక్కడి గింజ | మామూలు ప్రొటీన్ | రకానికి పూచీ ఎవరిది | బాగా సరిపోయేది | జాగ్రత్త పడాల్సింది |
|---|---|---|---|---|
| భారత్ | 10–13, ఏడాదిని బట్టి | కర్నాల్ సంస్థ, కంపెనీ ఒప్పంద సాగు | నూకలు కలిపే బీరు, ఆహార మాల్టు | రకాల కలగలుపు, సన్న గింజ |
| కెనడా | 11–12.5 | విన్నిపెగ్ సాంకేతిక కేంద్రం | నూకలు కలిపే బీరు | కరవు ఏళ్లు, డాన్ |
| ఆస్ట్రేలియా | 9–12 | గ్రెయిన్స్ ఆస్ట్రేలియా గుర్తింపు | రెండు రకాల బీరుకూ | చైనా గిరాకీతో ఊగే ధర |
| అమెరికా | 12–13 లోపు | మాల్టింగ్ బార్లీ అసోసియేషన్ (ఆంబా) సిఫారసు జాబితా | మాల్టుగా కొనేవాళ్లకు | విడి గింజ దొరకడం కష్టం |
| ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్ | 9.5–11.5 | దేశానికో కమిటీ | పూర్తి మాల్టు బీరు, విస్కీ | నిద్రావస్థ, ఎంజైము తక్కువ |

## భారత్: దగ్గరి సరుకు, కలగలుపు సరుకు

దేశంలో బార్లీకి పెద్ద నేల రాజస్థాన్. ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, హర్యానాల్లోనూ వేస్తారు. నవంబరులో విత్తి మార్చి నెలాఖరు నుంచి ఏప్రిల్‌లోగా కోస్తారు. పరిశోధన అంతా హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న గోధుమ, బార్లీ పరిశోధన సంస్థ చుట్టూ నడుస్తుంది. డీడబ్ల్యూఆర్‌యూబీ 52, డీడబ్ల్యూఆర్‌బీ 101, డీడబ్ల్యూఆర్‌బీ 123 లాంటి రెండు వరుసల (కంకిలో గింజలు రెండు వరుసల్లో ఉండే) మాల్టు రకాలు అక్కడివే. పరిశ్రమ చేయి కలిపిన సందర్భాలూ ఉన్నాయి. రాజస్థాన్‌లో సాబ్‌మిల్లర్ అనే బీరు కంపెనీ ‘సాంఝీ ఉన్నతి’ పేరుతో రైతులకు విత్తనమిచ్చి తిరిగి గింజ కొనే పథకం నడిపింది.

అయితే ఒప్పంద సాగు గింజకూ, మండీలో కొన్న గింజకూ పొంతనే లేదు. మండీలో రెండు వరుసల రకం, ఆరు వరుసల రకం, దాణా రకం ఒకే కుప్పలో కలుస్తాయి. ఆరు వరుసల కంకిలో పక్క గింజలు మెలి తిరిగి, నడిమి గింజ కంటే చిన్నగా ఉంటాయి. గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకుని కడుపు వైపు గాడి చూడండి. గాడి వంకర తిరిగిన గింజలుంటే అందులో ఆరు వరుసలది కలిసినట్టే. అసలు ఆరు వరుసలదే అయితే మూడింట రెండు గింజలు అలాగే కనిపిస్తాయి. చిన్న గింజ తొందరగా నానుతుంది, పెద్దది ఆలస్యంగా నానుతుంది. ఒకటి మొలక దాటిపోయేసరికి ఇంకొకటి సగంలో ఉంటుంది. మాల్టు హౌస్ ఎంత మంచిదైనా ఈ కలగలుపును సరిదిద్దలేదు.

రెండో చిక్కు ఎండ. మార్చిలో పడమటి గాలి ముందే వేడెక్కితే గింజ నిండక ముందే ఎండిపోతుంది. పిండి తగ్గుతుంది కాబట్టి ప్రొటీన్ శాతం దానంతటదే పెరుగుతుంది, జల్లెడ కింద సన్నగింజ రాలుతుంది. ఆలస్యంగా విత్తిన పొలాలది మరీ అన్యాయం. అందుకే ఒప్పందంలో విత్తే గడువు రాసుకున్న కంపెనీలకు మెరుగైన సరుకు వస్తుంది.

వేడిలో పండటంలో ఒక లాభమూ ఉంది: నిద్రావస్థ త్వరగా వదులుతుంది, జూన్ నాటికే మాల్టు చేసుకోవచ్చు. ఓడ, క్వారంటైన్, డాలరు బెడద ఏదీ లేదు. నచ్చకపోతే లారీని గేటు దగ్గరే ఆపొచ్చు. దిగుమతి సరుకుతో ఆ సుఖం ఉండదు.

ధర విషయంలో మద్దతు ధరను కొలబద్దగా పెట్టుకోకండి. 2025-26 రబీ మార్కెటింగ్ సీజన్‌కు బార్లీ మద్దతు ధర క్వింటాలుకు 1,980 రూపాయలు. అది మాల్టు గింజకూ దాణా గింజకూ ఒకటే. మాల్టు గింజకు పైన ఎంత ఇస్తారన్నది కొనేవాళ్లు రైతుతో తేల్చుకోవాలి. ఆ పైడబ్బు విత్తే ముందే ఖాయం కాకపోతే రైతు ఎరువు తగ్గించడు, రకాన్ని వేరుగా నూర్చడు. వేరుగా నూర్చి వేరే బస్తాల్లో ఉంచే ఖర్చు ఎవరు పెట్టుకుంటారన్న దగ్గరే మన దేశపు బార్లీ ప్రోత్సాహమంతా ఆగిపోతోంది. కొత్త రకాల కొరత రెండో మాట.

## కెనడా: రకం మారదు, వాతావరణం మారుతుంది

విన్నిపెగ్‌లోని కెనడియన్ మాల్టింగ్ బార్లీ టెక్నికల్ సెంటర్ 2000లో మొదలైంది. చిన్న మాల్టు ప్లాంటు, చిన్న బ్రూవరీ రెండూ అందులోనే ఉన్నాయి. ఏటా సిఫారసు రకాల జాబితా వేస్తుంది, కొత్త పంట నాణ్యత నివేదిక ఇస్తుంది, కొనేవాళ్ల బ్రూవర్లకు శిక్షణా ఇస్తుంది. ఇది దానం కాదు, మార్కెట్ పెంచుకునే పద్ధతి. అందువల్ల మొహమాటపడాల్సిన పని లేదు. ఫలానా రకాన్ని మా నూకల పాళ్లతో కాచి చూపించండి అని నిక్కచ్చిగా అడగొచ్చు.

ఏసీ మెట్‌కాఫ్ 1997లో, సీడీసీ కోప్‌లాండ్ 1999లో నమోదయ్యాయి. రెండు దశాబ్దాల తర్వాత కూడా కొనేవాళ్లు ఆ పేర్లే పట్టుకుని కూర్చున్నారు. బ్రూవరీలు రకం మార్చడానికి ఇష్టపడవు, మారిస్తే కాచే పద్ధతంతా సవరించుకోవాలి. కానీ రైతు కొత్త రకాల వైపు వెళ్తున్నాడు, ఏఏసీ సినర్జీ, ఏఏసీ కనెక్ట్ లాంటివి పైరు దిగుబడిలో ముందున్నాయి. పాత పేరు మీదే పట్టుపడితే రానురాను సరుకూ తగ్గుతుంది, ధరా పెరుగుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు నేరుగా కొత్త రకంతోనే మొదలుపెట్టడం తెలివైన పని.

ఎంజైము బలం, మధ్యస్థ ప్రొటీన్ కెనడా గింజ సొత్తు. నూకలు కలిపే బ్రూవరీకి ఇంతకంటే నప్పేది తక్కువ. భయమల్లా ప్రెయరీల (అక్కడి పడమటి మైదానాల) వాన మీదే. 2021 కరవులో కెనడా బార్లీ పంట అంతకు ముందు ఏడాది 1 కోటి 7 లక్షల టన్నుల నుంచి సుమారు 70 లక్షల టన్నులకు పడిపోయింది. మిగిలిన గింజ సన్నబడి ప్రొటీన్ పెరిగింది. తూర్పు వైపు, మానిటోబా గింజకు తడి ఏళ్లలో డాన్ పరీక్ష తప్పనిసరి.

## ఆస్ట్రేలియా: శుభ్రమైన గింజ, రాజకీయపు ధర

మాల్టు గుర్తింపు ఇవ్వడానికి ముందు ఆస్ట్రేలియాలో రకాన్ని పెద్ద ఎత్తున మాల్టు చేసి, బీరు కాచి చూస్తారు. ఇప్పుడా పని గ్రెయిన్స్ ఆస్ట్రేలియా అనే సంస్థ చూస్తుంది. స్పార్టకస్ సీఎల్, మాక్సిమస్ సీఎల్, ఆర్‌జీటీ ప్లానెట్ బాగా వినిపించే పేర్లు. మొదటి శ్రేణి మాల్టు గింజకు ప్రొటీన్ 9 నుంచి 12, తేమ 12.5 లోపు, 2.5 మి.మీ. జల్లెడ మీద కనీసం 70 శాతం నిలవాలి. పెర్త్‌లోని ఎగుమతి ధాన్యాల కేంద్రం ఏఈజీఐసీ ఒక్కో దేశం బ్రూవరీకి ఏం కావాలో పరిశీలిస్తూ వచ్చింది. పొడి వాతావరణంలో కోత కాబట్టి బూజు బెడద తక్కువ, గింజ తెల్లగా, పొడిగా వస్తుంది.

ధర మాత్రం చైనా చేతిలో ఉంది. 2020 మే 19న చైనా ఆస్ట్రేలియా బార్లీ మీద 80.5 శాతం సుంకాలు వేసింది, 2023 ఆగస్టు 5న ఎత్తేసింది. మధ్యలో ఆస్ట్రేలియా వాళ్లు కొత్త మార్కెట్ల కోసం భారత్ వైపూ చూశారు. చైనా తలుపు తెరుచుకున్నాక ఆ తొందర తగ్గడం సహజం. అందుకే ఆస్ట్రేలియాతో ఏడాది ఒప్పందం కన్నా, మూడేళ్లకు కనీస పరిమాణం రాసుకునే అమ్మకందారు మేలు. చవకగా దొరికిన ఒక్క ఏడాదిని చూసి కాచే పద్ధతి మార్చుకుంటే రెండో ఏడాది ఇరుకున పడతారు.

## అమెరికా: గింజ కంటే కాగితం విలువైంది

మోంటానా, ఐడహో, నార్త్ డకోటాల్లో బార్లీ చాలావరకు బ్రూవరీలతో, మాల్టు కంపెనీలతో ముందే ఒప్పందమై పండుతుంది. బజార్లో విడిగా దొరికేది తక్కువ. కాబట్టి అక్కడి నుంచి మాల్టు కొనడమే తేలిక. అయితే అమెరికన్ మాల్టింగ్ బార్లీ అసోసియేషన్, అంటే ఆంబా, ప్రచురించే ప్రమాణాల పట్టికను ఎవరి దగ్గర కొనేవాళ్లయినా ఒప్పందంలో వాడుకోవచ్చు. పూర్తి మాల్టు బీరుకు గింజ ప్రొటీన్ 12 లోపు, డయాస్టాటిక్ పవర్ (పిండిని చక్కెరగా మార్చే ఎంజైము బలం) 110–150, అమైనో నత్రజని 140–190. నూకలు కలిపే బీరుకు ప్రొటీన్ 13 లోపు, పవర్ 120 పైన, అమైనో నత్రజని 210 పైన. ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూస్తే ‘ఒకే మంచి బార్లీ’ అనేది లేదని అర్థమైపోతుంది.

## ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్

జర్మనీలో బీరంటే మాల్టు బీరే కాబట్టి ప్రొటీన్ 11.5 దాటితే మొహం చిట్లిస్తారు, 2.5 మి.మీ. జల్లెడ మీద 90 శాతం నిలవాలంటారు. ఫ్రాన్స్ ఒప్పందాల్లో 9.5 నుంచి 11.5 మామూలు. ఎక్స్‌ట్రాక్టు కళ్లు చెదిరేలా వస్తుంది. అదే మాల్టుతో 40 శాతం నూకలు కలిపి చూస్తే పిండి పూర్తిగా అరగక అయొడిన్ పరీక్షలో నీలం రంగు పోదు. అది మాల్టు లోపం కాదు, జత కుదరలేదంతే.

చల్లటి తడి వేసవిలో పండిన గింజ నిద్ర ఎక్కువ. ఆగస్టు కోత గింజను అక్టోబరులో నానబెడితే సగం లేవకపోవచ్చు. ఓడ ప్రయాణం ఆ గడువును కొంత తినేస్తుంది.

బ్రిటన్ గింజలో విస్కీ వాళ్లకు మాత్రమే అవసరమైన సంగతి ఒకటుంది. కొన్ని రకాల మాల్టులో గ్లైకోసిడిక్ నైట్రైల్ అనే పదార్థం తయారవుతుంది, అది బట్టీలో ఈథైల్ కార్బమేట్‌గా మారుతుంది. దాన్ని అసలు తయారుచేయని లారియేట్ లాంటి రకాలనే స్కాచ్ డిస్టిలరీలు అడుగుతాయి. ఆర్‌జీటీ ప్లానెట్‌కు అక్కడ ఉన్నది బ్రూయింగ్ ఆమోదం. కాబట్టి ‘బ్రిటిష్ బార్లీ’ అని రాసి ఉన్నంత మాత్రాన విస్కీకి పనికొస్తుందనుకోవద్దు.

## ఎవరికి ఏది

హైదరాబాద్, విశాఖ మైక్రోబ్రూవరీ. గింజ జోలికి పోవద్దు, మాల్టే కొనండి. గోధుమ బీరు, లాగర్, ఏల్‌లకు మూల మాల్టుగా దేశీ రెండు వరుసల మాల్టు, రంగు, రుచి మాల్టులు మాత్రం దిగుమతివి పెట్టుకుంటే ఖర్చుకూ రుచికీ పొంతన కుదురుతుంది. దేశీ మాల్టు పత్రంలో ఫ్రయబిలిటీ (మాల్టు గింజ ఎంత తేలిగ్గా పొడి అవుతుందో చెప్పే అంకె) 80 దాటిందా, బీటా గ్లూకాన్ 200 దాటలేదా చూడండి. ఆ గీతకు దగ్గర్లో ఉంటే మాష్‌ను 45 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు ఆపి పైకి తీసుకెళ్లండి, వడపోత తేలికవుతుంది. విశాఖ తడి గాలిలో బస్తా మూతి విప్పి ఉంచితే 4.5 శాతం తేమ ఉన్న మాల్టు మెత్తబడుతుంది. మెత్తబడిన మాల్టు మరలో నలుగుతుంది గానీ విరగదు. గాలి చొరబడని డబ్బాల్లోకి మార్చుకోండి.

పెద్ద బ్రూవరీ. మూడొంతుల సరుకు దేశీ ఒప్పంద సాగు నుంచి, మిగతాది కెనడా లేదా ఆస్ట్రేలియా నుంచి తీసుకోవడం మా సలహా. దిగుమతి వాటా నాణ్యత కోసమే అనుకోవద్దు. మార్చి ఎండ దెబ్బ కొట్టిన ఏడాది దేశీ మాల్టులో కలిపి సర్దుకోవడానికి అది చేతిలో ఉండాలి. వంద శాతం దిగుమతికి వెళ్తే డాలరు ఊగినప్పుడల్లా మీ కంటికి నిద్ర ఉండదు.

సింగిల్ మాల్టు డిస్టిలరీ. స్కాట్లాండ్ తరహా మాల్టు నుంచి టన్నుకు 410 లీటర్ల పైన స్వచ్ఛమైన ఆల్కహాల్ లెక్కేస్తారు. దేశీ ఆరు వరుసల గింజ అంత ఇవ్వదు. అయినా గోవాలోని పాల్ జాన్ ఆ గింజనే వాడి పేరు తెచ్చుకుంది. రుచిని అమ్ముకునేవాళ్లకు దిగుబడి నష్టం భరించదగ్గదే. లీటరు లెక్కన అమ్ముకునేవాళ్లకు కాదు.

ఆహార మాల్టు, మాల్టు ఎక్స్‌ట్రాక్టు తయారీదారు. దేశీ గింజ చాలు, ఆరు వరుసలదైనా సరే. ప్రొటీన్ ఎక్కువుండటం ఇక్కడ లోపమే కాదు. మీ డబ్బు పురుగుమందుల అవశేషాల పరీక్ష మీద పెట్టండి.

## బార్లీ తేవాలా, మాల్టు తేవాలా?

టన్ను మాల్టుకు దాదాపు 1.25 టన్నుల బార్లీ కావాలి. 20 అడుగుల కంటైనర్‌లో విడిగా పోస్తే బార్లీ 21 టన్నులు, మాల్టు తేలిక కాబట్టి 17 టన్నులు పడుతుంది. లెక్క కట్టి చూడండి: టన్ను మాల్టుకు కావాల్సిన చోటు రెండు దారుల్లోనూ కంటైనర్‌లో 6 శాతమే. ఓడ కిరాయిలో తేడా ఏమీ లేదు. తేల్చేవి సుంకాలు, ఇక్కడి మాల్టు చార్జీ. బార్లీ 1003 శీర్షిక కింద, మాల్టు 1107 కింద వస్తాయి. రెండింటి సుంకం, దేశాల మధ్య ఒప్పందపు రాయితీ, సరుకు ఎక్కించే వారంలో కస్టమ్స్ ఏజెంటు దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి.

గింజగా తెస్తే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు వర్తిస్తుంది. ఆ దేశపు గింజకు ఏ పొగ మందు పెట్టాలని షరతు ఉందో ఒప్పందానికి ముందే చదవాలి. మిథైల్ బ్రోమైడ్ బార్లీ మొలకను దెబ్బతీస్తుంది, తేమ ఎక్కువున్న గింజలో మరీ ఎక్కువ. ఫాస్ఫీన్‌తో ఆ భయం లేదు. విన్నిపెగ్‌లో 99 మొలిచిన గింజ రేవు దాటాక 90కి పడిపోతే అమ్మినవాళ్లు తమ పత్రం చూపిస్తారు, మీరు మీ పళ్లెం చూపిస్తారు. కాబట్టి మొలక పరీక్ష ఎక్కడ తీసిన నమూనా మీద చెల్లుతుందో ఒప్పందంలో రాయించుకోవాలి: పొగ పెట్టాక, దిగుమతి రేవులో, ఇద్దరి సమక్షంలో మూడు సంచుల్లో సీలు వేసిన నమూనా. ఒకటి మీకు, ఒకటి వాళ్లకు, మూడోది ఇద్దరూ ఒప్పుకున్న ల్యాబుకు.